ఖాళీగా వదిలిన గడి

నవాగామ్, సూరత్
18 జూన్ 2024

హారతీ,

చి.ల.సౌ. అంటూ మొదలుపెట్టడం నాకూ వచ్చు. ఈ రోజు పెట్టను. ముందు నా కడుపులో మంట చల్లారాలి, దీవెనలు ఆ తర్వాత.

నిన్న మీ పరిశోధన ఆఫీసు నుంచి కవర్లు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, తొమ్మిది. హోలీకి నువ్వు బెంగళూరు నుంచి దిగి, నా గదిలో చాప పరిచి, పదిమంది చేత చేతులు చాపించి నెత్తురు తీసుకున్నావు కదా! ఆ పదిమందిలో మా అబ్బాయి గోపాల్‌కి తప్ప తక్కిన అందరికీ తలా ఒకటి. అందరూ మా ఇంటి అడ్రసే ఇచ్చారు కాబట్టి పోస్టుమాన్ అన్నింటినీ గల్లీ మొదట్లో శ్యాంసుందర్ కిరాణా కొట్టులో పడేసి పోయాడు. శ్యాంసుందర్‌కి అంతకన్నా పండగ ఏముంది? "టీచరమ్మా, మీ ఇంటోళ్లందరికి సర్కారు కాగితాలొచ్చినయి" అని గల్లీ అదిరేలా కేకేసి, ఒక్కో పేరూ గట్టిగా చదివి ఎవరిది వాళ్ల చేతిలో పెట్టాడు.

కాగితాలేమో హిందీలో. మీ గంగారాం చిన్నాన్న తనది కార్ఖానాకి పట్టుకెళ్లి, పని చూసే మాస్టరు చేత చదివించుకున్నాడు. మగ్గాల మోతలో నిలబడి ఆ మాస్టరు గొంతు చించుకుని చదివాడట: మీ కుటుంబ పటంలో మానసిక అనారోగ్యం ఉన్నవారిగా నమోదైన మీరు తదుపరి పరీక్షకు హాజరు కావలెను! చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారట. మాస్టరు నవ్వలేదు. "నువ్వు మిషన్ ముట్టకు గంగారాం. ఏమన్న అయితే నా మీదికొస్తది. దిమాగు చూపించుకొని రా" అని ఇంటికి పంపేశాడు. పాపం ఆ అమాయకుడు ఇంటికొచ్చి, "అక్కా, నాకేమైంది?" అని నన్నడిగాడు.

మా అమ్మాయి ప్రసన్న దగ్గర తొమ్మిదిమంది పిల్లలు ట్యూషన్‌కి వస్తారు. ఈ సాయంత్రం ముగ్గురు వచ్చారు. ఇక నాకూ ఒక కవరు, మీ మామకీ ఒక కవరు. ముప్పై ఒక్క ఏళ్లు మున్సిపల్ స్కూల్లో ఈ ఊరి తెలుగు పిల్లలందరికీ అక్షరాలు దిద్దించిన దాన్ని. నీకూ దిద్దించాను. ఆ అక్షరాలతోనే నన్ను పిచ్చిదాన్ని చేశావు.

ఫోన్ చేయకు. ఇంట్లో ఫోన్లు పనిచేయడం లేదు. ఉత్తరమే రాయి, కవరు మీద నా పేరు, అడ్రసు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

మీ ఆఫీసు లెక్కలో మతి చెడిన,
నీ మేనత్త రాజమ్మ


బెంగళూరు
24 జూన్ 2024

అత్తమ్మా,

ఉత్తరం చదివి తల కొట్టేసినట్టయింది. కవర్లు అలా పంపినందుకు మా ఆఫీసు వాళ్లతో నిన్ననే గొడవపడ్డాను. ఎవరి కాగితం వాళ్ల చేతికే అందాలని రూలు ఉంది, ఎవడో బద్ధకస్తుడు అన్నీ ఒకే సంచిలో పడేశాడు. అది మా తప్పు. గంగారాం చిన్నాన్న కాళ్లు పట్టుకుంటానని చెప్పండి.

కానీ పేర్లు మాత్రం నేను కల్పించలేదు. ఆ రోజు వంశవృక్షం కాగితం నింపింది మామ. మగవాళ్లకు గడి, ఆడవాళ్లకు సున్నా. జబ్బు ఉన్నవాళ్లది నల్లగా నింపాలి, లేనివాళ్లది ఖాళీగా వదలాలి. తాతల నాటి నుంచి పేర్లన్నీ మామకే తెలుసు కాబట్టి మామ చేతికిచ్చాను. నెత్తురిచ్చిన పదిమందిలో తొమ్మిదిమందివి నల్లగా నింపి, కింద సంతకం పెట్టి మరీ ఇచ్చాడు. రైల్లో ఆ కాగితం చూసుకుంటూ నేనెంత ఏడ్చానో మీకు తెలియదు. ఇంతమంది ఇంతకాలంగా బాధపడుతుంటే ఈ ఇంటి పిల్లనైన నాకు ఒక్క ముక్క చెప్పలేదే అని నాకూ కోపం వచ్చింది. వచ్చినా నోరు మూసుకున్నాను.

మేం చేసే పనిని మీరు ముద్ర వేయడం అనుకుంటున్నారు. ఒక ఇంట్లో ఒకరికి ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తాయి. ఇంకొకరు నెల తరబడి మంచం దిగరు. మరొకరు తాగుడు మానలేరు. డాక్టర్లు మూడింటికీ మూడు పేర్లు పెట్టారు. కానీ లోపల, నెత్తురులో, వీటికి మూలం కొంతవరకూ ఒకటేనేమో అని వెతుకుతున్నాం. ఉంటే అది ఎవరి తప్పూ కాదు. షుగరు ఉన్న ఇంటిని ఎవరైనా వెలివేస్తారా? దీనికి మాత్రం ఎందుకు తలుపులు వేసుకోవాలి?

ఆగస్టు మూడున పర్వత్ పాటియా దగ్గర ఒక హాల్లో మా డాక్టరు గారు కూర్చుంటారు. జాబితాలో ఉన్నవాళ్లను మాత్రమే చూస్తారు, మందులు కూడా ఇస్తారు. దయచేసి కోపం పక్కనపెట్టి అందరూ వెళ్లండి. గోపాల్ బావ రానక్కర్లేదు. మీ ఇంట్లో బావ ఒక్కడిదే ఖాళీ గడి. ఆరోగ్యంగా ఉన్న ఆ ఒక్కడినీ చూసుకుని ధైర్యంగా ఉండండి.

మీ దగ్గరే అక్షరాలు దిద్దిన,
హారతి


నవాగామ్, సూరత్
1 జూలై 2024

హారతీ,

ఆరోగ్యంగా ఉన్న ఆ ఒక్కడు! ఆ మాట చదివి నేను కూర్చున్నచోటే కూర్చుండిపోయాను. అన్నం మాడిపోయింది, ప్రసన్న వచ్చి స్టవ్ ఆపింది.

ఇంత చదువు చదివావు, నీకు మనుషులు కనబడరా? హోలీనాడు నువ్వు వస్తున్నావని పొద్దున్నే వాడికి మీ మామ బతిమాలి స్నానం చేయించాడు. ఇస్త్రీ చొక్కా వేశాం. నువ్వు చేయి పట్టుకుంటే నవ్వాడు. ఆ నవ్వు నువ్వు చూశావా? నువ్వు నెత్తురు గొట్టాల మీద అంకెలు చూసుకుంటున్నావు. ఆ పూటకి వాడు నవ్వడానికి మేం ఎన్ని తంటాలు పడ్డామో నీకేం తెలుసు!

ఫోన్లు పనిచేయడం లేదని రాశాను కదా! వాడు మూడింటినీ తీసి నీళ్ల డ్రమ్ములో వేశాడు. "అమ్మా, గివి మన మాటలు వింటున్నయి. నేను ఏమనుకుంటున్ననో గూడ వింటున్నయి" అన్నాడు. కొత్తది కొనొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఫిబ్రవరి నుంచి మగ్గం మీదికి పోలేదు. కిటికీలకు పాత చీరలు కట్టాడు. ప్రసన్న చేసిన రొట్టె తినడు, నేను చేసింది తింటాడు, అదీ ముందు నేను తిని చూపిస్తేనే. ఎప్పుడు పడుకుంటాడో తెలియదు. ఇరవై తొమ్మిదేళ్ల మగపిల్లవాడు, హారతీ! కార్ఖానాలో వాడంత చురుకైన చేయి లేదనేవారు.

ఇది ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పకపోదును. కానీ వాణ్ని ఆరోగ్యంగా ఉన్నవాడని, మమ్మల్నందర్నీ రోగులని రాశావే, అది ఓర్వలేకపోయాను. మీ మామని అడిగాను. "నేను సరిగ్గనే నింపిన" అంటున్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. కాబట్టి ఒక్కటే మిగిలింది. ఒకే ఇంట్లో తొమ్మిదిమంది రోగులు దొరికితే మీ పైవాళ్లు మెచ్చుకుంటారని నువ్వే తర్వాత మార్చావు. సొంత మేనత్తను అమ్ముకుని పైకి రావాలా?

రాజమ్మ


బెంగళూరు
6 జూలై 2024

అత్తమ్మా,

నన్ను దొంగని అన్నారు. పర్వాలేదు అని రాయలేను, పర్వాలేదు కాదు. మామ నింపిన కాగితం జిరాక్సు ఇందులో పెడుతున్నాను. సంతకం ఎవరిది, సిరా ఎవరిది, మీరే చూడండి. మీరు నా నోటుపుస్తకాలు దిద్దినట్టే దీన్నీ దిద్దండి.

కానీ బావ గురించి చదివాక నా కోపం నాకే రుచించడం లేదు. ఐదు నెలలు! ఎవరికైనా చూపించారా? ఇది మొండితనం కాదు, గాలి సోకడం కాదు, మీ పెంపకంలో లోపం కాదు. దీనికి మందు ఉంది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఇక్కడ నా టేబుల్ మీద ఉన్న కాగితాల్లో సగం, తొందరగా మొదలుపెట్టనివాళ్ల కథలే.

మా మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. బావ గడి మార్చమని అడిగాను. ఆమె ముందు నన్ను కడిగిపారేసింది. సొంత ఇంటి కాగితం సొంత మనిషి తేకూడదట, నేను ముందే చెప్పాల్సిందట. ఆ కుటుంబం పని నా చేతిలోంచి తీసేసింది. నా మాట మీద ఒక్క గడి కూడా మారదు. మామ కొత్త కాగితం నింపి, సంతకం పెట్టి, జూలై ఆఖరులోపు పంపాలి. అప్పుడే బావ పేరు డాక్టరు జాబితాలోకి వస్తుంది. ఆగస్టు మూడు దాటితే డాక్టరు గారు మళ్లీ సూరత్ రావడం వచ్చే ఏడాదే.

అత్తమ్మా, నన్ను ఎన్నైనా అనండి. ఆ కాగితం మాత్రం ఆపకండి.

హారతి


నవాగామ్, సూరత్
12 జూలై 2024

హారతీ,

దొంగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నిన్ను వదిలిపెట్టానని సంబరపడకు.

నీ జిరాక్సు మీ మామ ముందు పరిచాను. కళ్లజోడు పెట్టుకుని చూసి, "సరిగ్గనే ఉన్నది గదా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "నన్నెందుకు నింపావయ్యా? నిన్ను నువ్వెందుకు నింపుకున్నావు? నీకు పిచ్చా?" అని అరిచాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "ఏందే, గ్రాఫు ఎట్ల నింపుతరో నీకు తెల్వదా? లేచే పోగుకు గడి నింపాలె. లేవని పోగుకు వదిలెయ్యాలె. నువ్వు లేచి పని చేసుకుంటలేవా? నేను లేస్తలేనా? మన గోపాల్ లేస్తలేడు. అందుకే వదిలేసిన" అన్నాడు.

విన్నావా? నలభై ఏళ్లు చీరల డిజైన్ గ్రాఫులు నింపి, వాటిని చూసి మగ్గానికెక్కే అట్ట కార్డులకు చిల్లులు గుద్దిన మనిషి చేతికి గడుల కాగితం ఇస్తే ఇంకెలా నింపుతాడు? నింపిన గడి దగ్గర పోగు పైకి లేస్తుంది, పూవు పడుతుంది. ఖాళీ గడి దగ్గర పోగు కిందే ఉండిపోతుంది. ఈ గల్లీలో పదేళ్ల పిల్లవాడిని అడిగినా ఇదే చెప్తాడు. నువ్వు పుట్టింది మగ్గాల మధ్యే కదా, మరిచిపోయావా? పైగా ఆయన నిన్ను అడిగాడట: "బిడ్డా, మంచిగ తిరుగుతున్నోళ్లను నింపాలె గదా?" అని. నువ్వు గొట్టాలకు చీటీలు అంటించుకుంటూ, తలెత్తకుండా, "ఆ, ఆ, మామా" అన్నావట. ఇప్పుడు చెప్పు, తప్పు ఎవరిది?

ఆయన సంతకంతో కాగితం పంపుతున్నాను. నింపిన గడులన్నీ మంచిగా ఉన్నవాళ్లవి అని తెలుగులో రాసిచ్చాడు. మా తొమ్మిదిమందినీ కొట్టేసి, గంగారాం పనిచేసే కార్ఖానాకి హిందీలో ఒక ఉత్తరం రాయించు. క్షమాపణ ఉండాలి అందులో.

గోపాల్ పేరు మాత్రం రాయనివ్వలేదు. ఇవాళ మీ జాబితాలో పడితే రేపు శ్యాంసుందర్ కొట్టులో పడుతుంది. వాడికి నీరసం, అంతే. టానిక్ రాయించాను. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది.

అత్తమ్మ


బెంగళూరు
17 జూలై 2024

అత్తమ్మా,

తప్పు నాది. మామ అడిగిన ప్రశ్న ఇప్పుడు గుర్తొచ్చింది. నేను "ఆ, ఆ" అన్నదీ గుర్తొచ్చింది. మనిషి చెప్పేది వినడమే నా ఉద్యోగం, అదే చేయలేదు. కార్ఖానాకి ఉత్తరం వెళ్లింది. క్షమాపణ ఉంది, ఆఫీసు ముద్ర కూడా ఉంది.

ఇక నా వంతు. మామ లెక్కలో ఖాళీ అంటే లేవని పోగు. సరే. ఆ కాగితం మళ్లీ తీసి ఆ లెక్కతో చదివాను. మన ఇంట్లో పుట్టినవాళ్లలో ఖాళీగా ఉన్నవి మూడు. ఒకటి గోపాల్ బావ. రెండోది నేను. మూడోది, చనిపోయాడని అడ్డగీత గీసినది, మా నాన్న.

నాన్న గడి ఎందుకు ఖాళీగా ఉంది?

నాన్న మంచిగా తిరుగుతూ ఉండగానే కార్ఖానాలో కరెంటు తగిలి పోయాడని కదా చెప్పారు? మరి మామ ఆయన్ని ఎందుకు నింపలేదు? పోయినవాళ్లలో తాతను నింపాడు, నానమ్మను నింపాడు. అమ్మని అడిగాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ కూర్చుంది. "మీ అత్తను అడుగు, ఆమె చెప్పొద్దన్నది" అని ఒక్క మాట అంది. పద్దెనిమిదేళ్లు ఒకే ఇంట్లో నాతో కలిసి తిని, పడుకుని, ఆ ఒక్క మాట దాచింది. మీరు దాయించారు.

ఐదో తరగతిలో "మా నాన్న" అని వ్యాసం రాయించారు గుర్తుందా? "మా నాన్న విద్యుత్ తగిలి మరణించారు" అని రాశాను. మీరు ఎర్ర సిరాతో "విద్యుదాఘాతం" అని దిద్ది, పదికి ఎనిమిది మార్కులు వేశారు. ఆ మాట అబద్ధమైతే, అత్తమ్మా, మీరు ఆ రోజు ఏం దిద్దినట్టు?

నేను వందల ఇళ్లకు వెళ్లి, "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా, దాచకండి" అని అడుగుతున్నాను. నా ఇల్లు నాకే తెలియదు. నా సున్నా ఎందుకు ఖాళీగా ఉంది? నాకు ఏం వచ్చిందని దాస్తున్నారు? వచ్చిందా, రాబోతోందా? ఈసారి టానిక్ మాటలు వద్దు.

హారతి


నవాగామ్, సూరత్
22 జూలై 2024

అమ్మా హారతీ,

ముందు నీ సంగతి. నీకేమీ లేదు. నీ సున్నా మీ మామ ముట్టుకోలేదు. "అది ఆ పిల్లది, ఆమె నింపుకుంటది" అని వదిలేశాడట. అడిగి రూఢి చేసుకునే రాస్తున్నాను. ఇన్ని రాత్రులు నీకు నిద్ర లేకుండా చేసినందుకు మా ఇద్దరినీ తిట్టుకో.

మీ నాన్నకి కరెంటు తగల్లేదు.

2006 ఏప్రిల్‌లో మొదలైంది. మగ్గం నడుపుతూ వెనక్కి తిరిగి తిరిగి చూసేవాడు. "అక్కా, మిషన్ల సప్పుట్ల ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తున్నరు" అనేవాడు. తర్వాత ఇంట్లోనూ అదే. నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను, చదువుకున్నదాన్ని కదా. అక్కడ ఒక కుర్ర డాక్టరు మీ నాన్నతో ఓపికగా మాట్లాడి, మనసు జబ్బుల విభాగంలో వారంలోగా చూపించాలి అని చీటీ రాసిచ్చాడు. బయటికొచ్చాక మీ అమ్మతో, "నీరసమట, టానిక్ తాగితే సరిపోతుందట" అన్నాను.

ఎందుకన్నానో కూడా రాస్తాను, దాచి ఏం సాధించాను గనక. ఆ ఏడాది నన్ను హెడ్ టీచరుని చేయాలని మాట నడుస్తోంది. మతి చెడినవాడి అక్క బడి నడుపుతుందంటే పిల్లల్ని ఎవరు పంపుతారు అనుకున్నాను. ఎవరూ నాతో ఆ మాట అనలేదు. నాకు నేనే అనుకున్నాను. చీటీని తెలుగు వాచకంలో పెట్టి బీరువాలో పడేశాను. ఒక తాయెత్తు కట్టించాను.

ఆగస్టులో తాపీ నది పొంగింది. మా గల్లీలో మోకాలి లోతు నీళ్లు. అందరూ సామాను పట్టుకుని డాబా ఎక్కుతుంటే మీ నాన్న మెట్లు దిగి వచ్చాడు. "అక్కా, అటుదిక్కు పిలుస్తున్నరు. పోయొస్త" అన్నాడు. నేను బియ్యం డబ్బా పైకి అందిస్తున్నాను. "తొందరగా రా" అన్నాను. అంతే అన్నాను. మూడో రోజు దొరికాడు.

నీకు తొమ్మిదేళ్లు. ఏదో ఒకటి చెప్పాలి కదా! కరెంటు అన్నాను. మీ అమ్మ చేత ఒట్టు వేయించాను. నువ్వు వ్యాసం తెచ్చిన రోజు ఆ ఒక్క మాటే దిద్దాను. పదికి పది వేస్తే అబద్ధానికి పూర్తి మార్కులు వేసినట్టవుతుందని రెండు తగ్గించాను. నా న్యాయం అంతవరకే పనిచేసింది.

నీ అత్తమ్మ


బెంగళూరు
26 జూలై 2024

అత్తమ్మా,

మిమ్మల్ని క్షమించలేదు. క్షమిస్తానో లేదో తెలియదు. రెండు మార్కుల సంగతి చదివి మీ ఉత్తరం చింపబోయాను.

నాన్నని ఎవరూ ఏమీ చేయలేకపోయారనుకుని బతికాను ఇన్నేళ్లు. చేయగలిగిన కాగితం బీరువాలో ఉందన్నమాట. మీరు మా నాన్నకి టానిక్ పోశారు. ఇప్పుడు గోపాల్ బావకీ అదే టానిక్ పోస్తున్నారు. అదే ఊళ్లో, అదే చేత్తో! మీ ఉత్తరంలో ఆ మాట మీరే రాసి మీరే చూసుకోలేదు. నేను చూశాను.

జబ్బు నెత్తురులో కొంత వస్తుందేమో అని మేం వెతుకుతున్నాం. దాచడం మాత్రం నెత్తురులో రాదు. అది మనం నేర్పుతాం. మీరు టీచరు, మీకు నేను చెప్పాలా?

మామకి కూడా ఈ పోస్టులోనే వేరే కవరు రాశాను. సంతకం ఆయన పెట్టి పంపితే చాలు, పేరు ఎక్కుతుంది. కానీ బావని హాలు దాకా తీసుకెళ్లగలిగేది మీరే. మీరు ముందు తింటేనే కదా అతను తినేది!

ఆగస్టు మూడు, శనివారం, పొద్దున పది గంటలు. ఇంకేమీ రాయను.

హారతి


నవాగామ్, సూరత్
19 ఆగస్టు 2024

చిరంజీవి హారతికి,

ఈసారి దీవెనతోనే మొదలుపెడుతున్నాను. పుచ్చుకుంటావో లేదో నీ ఇష్టం.

మీ మామ సంతకం పెట్టి నాకు చెప్పకుండానే పోస్టు చేసి వచ్చాడు. పెళ్లయిన ముప్పై రెండేళ్లలో నన్నడగకుండా ఆయన చేసిన మొదటి పని ఇదే.

ఆ శనివారం పొద్దున గోపాల్ బయటికి రానన్నాడు. డాక్టరు దగ్గరికి నేను పోతున్నాను, నాకు తోడు రమ్మన్నాను. నిజమే కదా, నాకే తోడు కావాలి. రిక్షాలో తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. హాల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. మధ్యలో ఒక పరదా గుడ్డ తప్ప చాటు లేదు. ఇవతల కుర్చీల్లో ఎవరున్నారో చూశాను. మన శ్యాంసుందర్! గోడవైపు తిరిగి, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నా కాళ్లు వెనక్కి తిరిగాయి. నిజం చెప్తున్నాను, తిరిగాయి. గోపాల్ నా కొంగు పట్టుకుని ఉన్నాడు కాబట్టి ఆగాను.

డాక్టరమ్మ వరంగల్ పిల్లే. ముందు నన్ను చూసి, నా బీపీ కొలిచి, ఆ తర్వాత వాడితో మాట్లాడింది. ముప్పావుగంట! ఫోన్ల సంగతి వాడే చెప్పాడు. ఆమె నవ్వలేదు, తప్పు అనలేదు. ఆఖర్న కాగితం తీసి, "ఇంతకుముందు మీ కుటుంబంలో ఎవరికైనా ఇలా ఉండేదా అమ్మా?" అని అడిగింది.

పద్దెనిమిదేళ్లుగా ఈ ప్రశ్నకి నా దగ్గర ఒకటే జవాబు. నోటి చివరికి అదే వచ్చింది. పరదా అవతల శ్యాంసుందర్ ఉన్నాడు. అప్పుడు నాకు వచ్చిన కోపం ఎవరి మీదో నాకే తెలియదు. క్లాసులో ఆఖరి బెంచీకి వినబడేలా చెప్పే గొంతుతో అన్నాను: "మా తమ్ముడు దశరథకి ఉండేది. 2006లో పోయాడు. కరెంటు తగిలి కాదు. ఈ జబ్బుకి మందు ఇప్పించకుండా నేను పోగొట్టుకున్నాను." గోపాల్ తలమీది తువ్వాలు తీసి నన్ను చూశాడు. "దశరథ మామకు గూడ వినబడేవా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. "మరి నాకెందుకు చెప్పలె? నా ఒక్కనికే అనుకున్న" అన్నాడు. వాడి గొంతులో కోపం విని నాకు ప్రాణం లేచొచ్చింది.

బయటికొచ్చేసరికి శ్యాంసుందర్ లేచి నిలబడి ఉన్నాడు. గుసగుసగా, "టీచరమ్మా, నా బిడ్డకు గిట్లనే ఉన్నది. జాబితాల పేరు లేదంటున్నరు. జర మీరు చెప్పి రాయించరా?" అన్నాడు. "గట్టిగా చెప్పు శ్యాంసుందర్. మా పేర్లు గల్లీ అంతా వినబడేలా చదివావు కదా" అన్నాను. అని, అతని మొహం చూసి, నేనే లోపలికెళ్లి డాక్టరమ్మతో పోట్లాడి రాయించాను. ఒక జబ్బు మనిషిని చూడడానికి జాబితా ఏమిటి? మీ మేడమ్‌కి ఈ మాట నేనన్నానని చెప్పు.

మాత్రలు తెచ్చి పదహారు రోజులు. ముందు నేను వేసుకుని చూపించాలన్నాడు. అది కుదరదని ప్రసన్న మూడు రోజులు బతిమాలితే వేసుకున్నాడు. కిటికీకి ఒక చీర విప్పాడు, రెండోది ఉంది. మగ్గం మాట ఇంకా లేదు. గంగారాంని పనిలోకి తీసుకున్నారు. ప్రసన్న దగ్గరికి పిల్లలు ఏడుగురు వస్తున్నారు.

మీ ఆఫీసు పంపిన కొత్త వంశవృక్షం కాగితం ఇందులో ఉంది. ఈసారి మీ పద్ధతిలో నేనే నింపాను. గోపాల్ గడి నింపాను, దశరథ గడి నింపాను. సిరా కాస్త గీత బయటికి పోయింది. మా అమ్మ మీదికి అమ్మవారు వచ్చేది కదా, అది దేనికింద రాయాలో నాకు తెలియలేదు, పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. నీ సున్నా ఖాళీగానే ఉంది, కానీ ఏడాదికోసారి నువ్వూ డాక్టరుకి చూపించుకో. ఇది మేనత్త మాట.

ఇంకొకటి కూడా పెడుతున్నాను. వాచకంలోంచి తీశాను, మడత దగ్గర చిరిగింది, జాగ్రత్తగా విప్పు. డాక్టరు రాసింది గుజరాతీలో ఉంది, నీకు చదవడం వచ్చు. కింద, రోగిని వారంలోగా తీసుకొస్తాను అన్నచోట, నా సంతకం ఉంది.

రాజమ్మ